శంషాబాద్‌లో చెల్లిన బ్యాగు డబ్లిన్‌లో ఎందుకు చెల్లదు

55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందం. హైదరాబాద్ నుంచి ఇండిగో ఎక్కేవారి చేతి బ్యాగుకు ఇది హద్దు. లోపలి చోటు లెక్కగడితే 48 లీటర్లు. ఐరోపాలో అతి పెద్ద చవక విమాన సంస్థ రయన్‌ఎయిర్. అందులో మామూలు టికెట్టు కొన్నవారు అదనంగా ఏమీ కట్టకుండా తీసుకెళ్లగలిగేది 40, 30, 20 సెంటీమీటర్ల సంచి. అంటే 24 లీటర్లు, మన బ్యాగులో సగం. 2025లో పెంచక ముందు అదీ లేదు, 20 లీటర్లే. ఆ సంచిని కూడా ముందు సీటు కింద పెట్టుకోవాలి. తల మీది అరలో పెట్టాలంటే వేరే రుసుము ఉంటుంది.

ఐర్లండ్ రాజధాని డబ్లిన్ విమానాశ్రయంలో ఒక తెల్లవారుజామున గేటు దగ్గర వరసలో నిలబడి ఉన్నాను. నా ముందున్న కుర్రాడు చక్రాల బ్యాగును ఇనుప కొలత చట్రంలోకి దించడానికి తంటాలు పడుతున్నాడు. స్వెటర్ తీసి వేసుకున్నాడు, దాని మీద ఇంకో కోటు వేసుకున్నాడు, రెండు పుస్తకాలు చేత పట్టుకున్నాడు. అయినా చక్రాల దగ్గర బ్యాగు ఆగిపోయింది. కార్డు గీకి రుసుము కట్టాక నా వైపు తిరిగి, నేను ఫోనులో తెలుగులో మాట్లాడటం విన్నాడు కాబోలు, ‘‘అన్నా, హైదరాబాద్ నుంచి ఇదే బ్యాగుతో వచ్చాను. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు’’ అన్నాడు. అతని వెనక వచ్చిన ఒక పెద్దాయన వీపు సంచి అంతకంటే లావుగా ఉంది. దాన్ని ఎవరూ చూడనైనా లేదు.

ఆ కుర్రాడి ముఖం చాలా రోజులు గుర్తుండిపోయింది. చవక విమానాల్లో చేతి సామాను కొలతలను ఎంత కచ్చితంగా అమలు చేస్తారని అడిగితే పదిమంది పది రకాలుగా చెబుతారు. ఎన్నిసార్లు వెళ్లినా ఎవరూ పట్టించుకోలేదని ఒకరంటారు. మొదటిసారే టికెట్టు కంటే ఎక్కువ డబ్బు పోయిందని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే. ఈ తేడాను గేటు దగ్గరి ఉద్యోగి మంచితనానికో కాఠిన్యానికో ముడిపెడితే విషయం అర్థం కాదు. అది ఆ వ్యాపారం నడిచే తీరులోనే ఉంది.

మొదట కాస్త వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు టికెట్టు ధరలోనే సామాను ధర కలిసి ఉండేది. 2006లో రయన్‌ఎయిర్ చెక్-ఇన్ సామానుకు విడిగా డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి చెక్-ఇన్ బ్యాగుకు 15 డాలర్లు పెట్టింది. అక్కడి పెద్ద సంస్థల్లో చాలావరకు అదే బాట పట్టాయి. జనం ఏం చేస్తారు? కింద వేసే పెట్టెకు డబ్బు కట్టాలంటే, దాన్ని చిన్నది చేసి చేత్తో పట్టుకొని పైకి తెస్తారు. అందరూ అదే చేశారు. సీట్ల మీది అరలు నిండిపోయాయి. చివర ఎక్కినవారి బ్యాగులను గేటు దగ్గర తీసుకొని కిందికి పంపడానికి సమయం పట్టేది, విమానం ఆలస్యమయ్యేది. అప్పుడు సంస్థలు రెండో అడుగు వేశాయి. అమెరికాలో స్పిరిట్ సంస్థ 2010 ఆగస్టులో పై అరలో పెట్టే బ్యాగుకు కూడా రుసుము పెట్టింది. రయన్‌ఎయిర్ 2018 నవంబరు నుంచి, బ్రిటన్ చవక సంస్థ ఈజీజెట్ 2021 ఫిబ్రవరి నుంచి మామూలు టికెట్టువారిని సీటు కింది సంచికి పరిమితం చేశాయి. మొదటి రుసుము తెచ్చిన రద్దీకి రెండో రుసుమే మందు అన్నారన్నమాట. ఈ వరస తెలియకపోతే ‘‘అరల్లో చోటు లేదు కాబట్టి ఈ నియమం’’ అనే మాట పూర్తి నిజంలా వినిపిస్తుంది.

చోటు లేదన్న మాటలో నిజం ఉంది, దాన్ని కాదనను. రయన్‌ఎయిర్ నడిపే బోయింగ్ 737-800 విమానంలో 189 సీట్లు ఉంటాయి. అందరూ చక్రాల బ్యాగు తెస్తే పాత తరహా అరల్లో సుమారు సగం మందివే పడతాయి. ఈ సంస్థలు విమానాన్ని నేల మీద 25 నిమిషాలకు మించి నిలపకూడదని చూస్తాయి. ఆ 25 నిమిషాల్లోనే వచ్చినవారు దిగాలి, కొత్తవారు ఎక్కాలి, సామాను మారాలి. నడవలో నలుగురు బ్యాగులు పట్టుకొని చోటు వెతుక్కుంటే ఆ లెక్క తప్పుతుంది. ఉదయం తప్పిన పావుగంట సాయంత్రానికి గంటవుతుంది, ఎందుకంటే అదే విమానం రోజంతా ఊరి నుంచి ఊరికి తిరుగుతూ ఉంటుంది. విమానం గాలిలో ఉంటేనే దానికి సంపాదన.

అయితే చోటు ఒక్కటే కారణమైతే, ఒకే రకం విమానం నడిపే సంస్థలన్నిటికీ దాదాపు ఒకే నియమం ఉండాలి. అలా లేదు. లండన్ గాట్విక్ విమానాశ్రయం నుంచి ఎయిర్‌బస్ ఎ320 విమానాలను ఈజీజెట్ నడుపుతుంది, బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా నడుపుతుంది. ఈజీజెట్ ఉచితంగా ఒప్పుకొనేది 45, 36, 20 సెంటీమీటర్ల సంచి ఒక్కటే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 56, 45, 25 సెంటీమీటర్ల బ్యాగును, దాంతోపాటు ఒక చిన్న సంచిని మామూలు టికెట్టు మీదే తీసుకెళ్లనిస్తుంది. సరే, అది చవక సంస్థ కాదంటారేమో. బ్రిటన్‌లో సెలవు ప్రయాణాలకు పేరున్న జెట్2 కూడా తక్కువ ధరలదే. అది అదే 56, 45, 25 కొలతల బ్యాగును పది కిలోల వరకు డబ్బు లేకుండా ఒప్పుకొంటుంది. అరల పరిమాణం నియమానికి ఒక కారణం మాత్రమేనని, ఆ అరను విడిగా అమ్మాలా వద్దా అన్నది సంస్థ తీసుకునే నిర్ణయమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ అమ్మకం ఎంతటిదో చూడాలి. 2025 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో రయన్‌ఎయిర్ 20 కోట్ల మంది ప్రయాణికులను చేరవేసింది. సగటు టికెట్టు ధర 46 యూరోలు. టికెట్టు కాకుండా సీటు ఎంపిక, ముందుగా ఎక్కే సౌకర్యం, బ్యాగులు, విమానంలో అమ్మే తినుబండారాలు వగైరాల మీద వచ్చిన ఆదాయం 472 కోట్ల యూరోలు. మొత్తం రాబడిలో ఇది మూడో వంతు. ఒక్కో ప్రయాణికుడికి 23 యూరోల పైచిలుకు. టికెట్టు ధర అంత తక్కువగా కనిపించడానికి ఈ 23 యూరోలే ఆసరా. బ్యాగు లేకుండా వెళ్లేవాడి చవక టికెట్టుకు బ్యాగు ఉన్నవాడు కొంత చెల్లిస్తున్నాడు. ఒక రకంగా అది న్యాయమేనని వాదించేవారున్నారు. రెండు రోజుల పనికి ఒక జత బట్టలతో వెళ్లేవారికి నిజంగానే లాభం. పసిపిల్లలతో వెళ్లే కుటుంబానికి, వారం రోజులకు మందులూ ఉన్ని బట్టలూ మోసుకెళ్లాల్సిన ముసలివారికి అదే లెక్క బరువవుతుంది.

గేటు దగ్గర పట్టుబడినవారి నుంచి వచ్చే డబ్బు ఇందులో ఎంత? రయన్‌ఎయిర్ అధిపతి మైకేల్ ఒలేరీ 2025లో చెప్పిన ప్రకారం తమ ప్రయాణికుల్లో 99.9 శాతం మంది నియమాలు పాటిస్తారు, ఏడాదికి సుమారు రెండు లక్షల మంది మాత్రమే గేటు దగ్గర రుసుము కడతారు. ఆ రుసుము 75 యూరోల వరకు ఉంటుంది. మన డబ్బులో ఏడు వేల రూపాయలకు పైనే, సగటు టికెట్టు కంటే ఎక్కువ. అందరూ పూర్తిగా 75 కట్టారనుకున్నా మొత్తం కోటిన్నర యూరోలు. 472 కోట్లలో అది ఒక శాతంలో మూడో వంతుకు మించదు.

ఈ చిన్న లెక్క దగ్గరే విషయమంతా ఉందని నా నమ్మకం. గేటు రుసుము సంస్థకు పెద్ద ఆదాయ మార్గం కాదు. ఇంట్లో కూర్చొని టికెట్టు కొంటున్నవాడు ‘‘నా బ్యాగు పట్టుబడితే?’’ అని ఒక్క క్షణం ఆలోచించి, ఇరవై యూరోలో ముప్ఫై యూరోలో కట్టి ముందే బ్యాగు చోటు కొనుక్కోవాలి. ఆ కోట్లమంది ముందస్తు చెల్లింపే అసలు రాబడి. అది నిలవాలంటే గేటు దగ్గర కొందరు పట్టుబడుతూ ఉండాలి, వరసలో ఉన్నవాళ్లంతా ఆ దృశ్యాన్ని చూడాలి. రైల్లో టికెట్టు తనిఖీ అధికారి ప్రతి పెట్టెకూ రాకపోయినా జనం టికెట్టు కొనేది ఎప్పుడో ఒకసారి వస్తాడనే. ఇక్కడా అంతే. అందరినీ పట్టుకోవాల్సిన అవసరం సంస్థకు లేదు. పట్టుకుంటారో లేదో తెలియకపోతే చాలు.

అందుకే పట్టుకునే చేతులకు ప్రోత్సాహకం ఇస్తారు. కొలత మించిన సంచిని పట్టుకున్న ఉద్యోగికి రయన్‌ఎయిర్ 1.50 యూరోలు ఇచ్చేది, నెలకు 80 యూరోల పరిమితితో. 2025 నవంబరు నుంచి దాన్ని 2.50 చేస్తామని, పరిమితి ఎత్తేస్తామని ఒలేరీ బహిరంగంగానే ప్రకటించారు. గేటు దగ్గర ఉండేవారు చాలాచోట్ల విమాన సంస్థ సొంత ఉద్యోగులు కారు, విమానాశ్రయ సేవల గుత్తేదారు సంస్థల సిబ్బంది. బ్రిటన్‌లో అలాంటి సంస్థ స్విస్‌పోర్ట్. ఈజీజెట్ ప్రయాణికుల దగ్గర పట్టుకున్న ఒక్కో బ్యాగుకు స్విస్‌పోర్ట్ తన సిబ్బందికి 1.20 పౌండ్లు ఇస్తున్నట్టు ఒక అంతర్గత ఈమెయిల్ ద్వారా 2025లో బయటపడింది. అమెరికాలో ఈ సొమ్ము మరీ ఎక్కువ. స్పిరిట్, ఫ్రాంటియర్ సంస్థలు కలిసి 2022, 2023 సంవత్సరాల్లో గేటు సిబ్బందికి ఇలా 2.6 కోట్ల డాలర్లు ఇచ్చాయని అక్కడి సెనేట్ ఉపసంఘం 2024 నవంబరులో నివేదిక వెలువరించింది. ఫ్రాంటియర్‌లో ఒక్కో బ్యాగుకు పది డాలర్ల దాకా దక్కేది.

తక్కువ జీతానికి తెల్లవారకముందే పనికి వచ్చే మనిషి చేతిలో ఇలాంటి తక్కెడ పెట్టడం నాకు నచ్చదు. ఆ గొడవంతా పడాల్సింది ఆ మనిషే. ప్రయాణికుడి కోపం, కన్నీళ్లు అన్నీ గుత్తేదారు ఉద్యోగి ముందే. నియమం రాసినవారు అక్కడెక్కడా కనిపించరు.

ఇంత ప్రోత్సాహకం ఉన్నా అందరినీ ఎందుకు ఆపరు? ఎందుకంటే అదే ఉద్యోగి మీద రెండో ఒత్తిడి కూడా ఉంది: విమానం సమయానికి కదలాలి. ఒక్కరి బ్యాగు కొలిచి, వాదించి, కార్డు గీకించేసరికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి. విమానం ముందే ఆలస్యంగా వచ్చి ఉంటే తనిఖీ పలచబడుతుంది. విమానం నిండుగా ఉండి, సిబ్బంది తగినంత మంది ఉండి, ప్రయాణికులు ముందే వచ్చి వరసలో నిలబడి ఉంటే తీరిగ్గా వరస పొడవునా నడుస్తూ చూస్తారు. సంస్థకు స్థావరమైన పెద్ద విమానాశ్రయంలో ఇది ఎక్కువ, రోజుకు ఒకటి రెండు విమానాలు వచ్చే చిన్న ఊళ్లలో తక్కువ. వెళ్లేటప్పుడు ఎవరూ అడగని బ్యాగు తిరుగు ప్రయాణంలో పట్టుబడటానికి కారణం తరచూ ఇదే.

ఎవరిని ఆపాలో కంటితోనే తేల్చుకుంటారు. గట్టి డొప్ప ఉన్న చక్రాల బ్యాగు దూరం నుంచే తెలుస్తుంది, ఎందుకంటే అలాంటివి సీటు కింది కొలతలో దాదాపుగా రావు. మెత్తని వీపు సంచి నొక్కితే నొక్కుకుంటుంది, కాబట్టి దాన్ని ఎక్కువగా వదిలేస్తారు. డబ్లిన్‌లో ఆ పెద్దాయన సంచి దాటిపోవడానికి, ఆ కుర్రాడి బ్యాగు ఆగిపోవడానికి తేడా అక్కడుంది. కొలత చట్రంలో దింపినప్పుడు చక్రాలు, పిడి, బయటి అరలు అన్నీ లెక్కలోకి వస్తాయి. దుకాణంలో బ్యాగు మీద అంటించిన కొలత చాలాసార్లు చక్రాలు లేకుండా చెప్పినదై ఉంటుంది. నింపాక ముందు అర ఉబ్బితే మందం రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. బ్యాగును ఇంట్లో నింపి, గోడకు ఆనించి, టేపుతో కొలవండి. ఖాళీ బ్యాగు కొలత ఎందుకూ పనికిరాదు.

మనవాళ్లు ఇక్కడ పొరబడటానికి మరో బలమైన కారణం ఉంది. భారతదేశంలో చేతి సామాను అంటే ముందుగా గుర్తొచ్చేది బరువు: ఏడు కిలోలు. కౌంటరు దగ్గర తూకం వేస్తారు, ఎక్కువైతే తీయమంటారు, లేదా చెక్-ఇన్‌లో వేయమంటారు. దేశీయ ప్రయాణానికి 15 కిలోల చెక్-ఇన్ సామాను ఇప్పటికీ మామూలు టికెట్టులో భాగంగానే వస్తోంది కాబట్టి బ్యాగు పైకి తేవాలనే ఒత్తిడి తక్కువ. అరలు నిండితే చివరి వరసలవారి బ్యాగులకు చీటీ కట్టి ఊరికే కిందికి పంపడం మనకు అలవాటైన దృశ్యం. ఒక్క చేతి బ్యాగే అన్న నియమం కూడా మన దగ్గర వ్యాపారం నుంచి పుట్టలేదు. పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ భద్రతా తనిఖీలు త్వరగా సాగడానికి పెట్టింది. బ్యాగుకు చీటీ కట్టి ముద్ర వేయించుకునే పద్ధతి 2017లో హైదరాబాద్‌తో సహా ఏడు విమానాశ్రయాల్లో ఆగేదాకా, చేతి బ్యాగు అంటే మనకు ఆ ముద్రే గుర్తొచ్చేది. అయితే మన దగ్గరా గాలి మారుతోంది. చెక్-ఇన్ సామాను లేని టికెట్టును తక్కువ ధరకు అమ్ముకోవచ్చని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2021లో అనుమతించింది. 2024లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ అలాంటి టికెట్టు తెచ్చి, దానిమీద చేతి సామానుకు మరో మూడు కిలోలు కలిపింది.

ఐరోపాలో తూకం దాదాపు పక్కకు పోతుంది. ఈజీజెట్ చిన్న సంచిలో 15 కిలోలు, అక్కడి మరో చవక సంస్థ విజ్ఎయిర్ పది కిలోలు పెట్టుకోనిస్తాయి. ఎత్తగలిగితే చాలు, పుస్తకాలతో నింపినా ఎవరూ అడగరు. ఏడు కిలోల కంటే ఒక్క గ్రాము మించకుండా సర్ది, ధీమాగా వచ్చిన మన విద్యార్థి అక్కడ సెంటీమీటర్ల దగ్గర చిక్కుకుంటాడు. హైదరాబాద్ నుంచి లండన్ హీత్రోకు బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో 56, 45, 25 కొలతల బ్యాగుతో దర్జాగా దిగి, వారం తర్వాత స్టాన్‌స్టెడ్ నుంచి రయన్‌ఎయిర్‌లో ఇంకో దేశానికి వెళ్లేవారిది మరీ ఇబ్బంది. ఆ బ్యాగు రయన్‌ఎయిర్ ఉచిత సంచికి రెండున్నర రెట్లకు పైన ఉంటుంది. అదనంగా డబ్బు కట్టి పై అర చోటు కొన్నా అక్కడి హద్దు 55, 40, 20. మన ఇండిగో కొలత బ్యాగు మందం 25 కదా, డబ్బు కట్టాక కూడా ఐదు సెంటీమీటర్లు ఎక్కువే. ఇలాంటివారు ముందుగానే చెక్-ఇన్ బ్యాగు కొనుక్కోవడం మేలు. టికెట్టుతోపాటు కొంటే గేటు రుసుములో సగం కూడా కాకపోవచ్చు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా ఉన్నా దారి అదే. పచ్చడి కూడా భద్రతా తనిఖీలో ద్రవ పదార్థాల లెక్కలోకే వస్తుంది.

ప్రపంచమంతటికీ ఒకే కొలత పెడితే సరిపోదా అని అడగవచ్చు. 2015 జూన్‌లో అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐయాటా ఆ ప్రయత్నం చేసింది. 55, 35, 20 కొలతల బ్యాగుకు ఒక ముద్ర ఇస్తామంది. అమెరికాలో అప్పటికే అనుమతిస్తున్న దానికంటే అది చిన్నదని గగ్గోలు పుట్టడంతో కొద్ది రోజుల్లోనే పక్కన పెట్టింది.

మిగిలింది చట్టం. 2014 సెప్టెంబరు 18న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన ఒక తీర్పు చుట్టూ ఈ వాదమంతా తిరుగుతోంది. స్పెయిన్‌లోని ఎ కొరూన్యా నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిన ఒక ప్రయాణికురాలి దగ్గర వ్యూలింగ్ సంస్థ రెండు చెక్-ఇన్ పెట్టెలకు 40 యూరోలు తీసుకుంది. స్పెయిన్ చట్టం అది తప్పన్నది. న్యాయస్థానం మాత్రం విమాన సంస్థ పక్షానే నిలిచింది, చెక్-ఇన్ సామానుకు విడిగా ధర పెట్టుకోవచ్చన్నది. కానీ అదే తీర్పులో, చేతి సామాను ప్రయాణికుడికి విడదీయరాని అవసరమని, బరువు, కొలతల విషయంలో సహేతుకమైన హద్దుల్లో ఉండి భద్రతా నియమాలు పాటిస్తే దానికి అదనపు ధర తీసుకోకూడదని కూడా రాసింది. సంస్థ గెలిచిన కేసులోని ఆ ఒక్క వాక్యమే ఈరోజు సంస్థల మీద ఆయుధమైంది.

‘సహేతుకం’ అంటే ఎన్ని సెంటీమీటర్లు? తీర్పు చెప్పలేదు. సీటు కింద పట్టేది ఉచితంగానే ఇస్తున్నాం కదా, అదే సహేతుకమని సంస్థలు అంటాయి. రెండు రోజుల బట్టలైనా పట్టని సంచి ఎలా సహేతుకమని వినియోగదారుల సంఘాలు అడుగుతాయి. 2024 నవంబరులో స్పెయిన్ వినియోగదారుల మంత్రిత్వ శాఖ రెండో పక్షం తీసుకొని ఐదు సంస్థలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. రయన్‌ఎయిర్ వాటా 10.78 కోట్లు. వ్యూలింగ్, ఈజీజెట్, నార్వేజియన్, వోలోటియా మిగతావి. సంస్థలు కోర్టు మెట్లెక్కాయి. ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ ఐరోపా చట్టం తమకిచ్చిందని వాటి వాదన. 2008 నాటి ఆ నిబంధనలో స్వేచ్ఛ ఉన్న మాట నిజమే. తప్పించుకోలేని ఖర్చులన్నీ మొదటే చూపే ధరలో కలపాలన్న షరతు కూడా దాని పక్కనే ఉంది. వారం రోజులకు వెళ్లేవారికి బ్యాగు తప్పించుకోగల ఖర్చా? కాదనే నేను అనుకుంటాను. కానీ ఆ మాట గట్టిగా చెప్పాల్సింది చట్టం.

2025 జూన్‌లో ఐరోపా పార్లమెంటు రవాణా సంఘం ఆ పని మొదలుపెట్టింది. సీటు కింద పెట్టే 40, 30, 15 సెంటీమీటర్ల సంచితో పాటు, పొడవు, వెడల్పు, మందం కలిపి 100 సెంటీమీటర్లకు, బరువు ఏడు కిలోలకు మించని బ్యాగునూ ఉచితంగా అనుమతించాలని ఓటేసింది. అది చట్టం కావాలంటే సభ్యదేశాల ప్రభుత్వాలు కూడా ఒప్పుకోవాలి. టికెట్ల ధరలు పెరుగుతాయని విమాన సంస్థలు గట్టిగా అడ్డుపడుతున్నాయి. ఒకవేళ అందరూ ఒప్పుకొని అది అమల్లోకి వచ్చినా, 55, 35, 25 కలిపితే 115. హైదరాబాద్ నుంచి వెళ్లే ఆ కుర్రాడి బ్యాగు అప్పటికీ 15 సెంటీమీటర్లు ఎక్కువే. ఐరోపా వెళ్లే ఆలోచన ఉండి ఈ ఏడాది కొత్త బ్యాగు కొనేవారు కలిపితే సరిగ్గా 100 అయ్యే 50, 30, 20 దగ్గర వెతకండి, చక్రాలతో కలిపి.